సాక్ష్యం చెప్పాక వచ్చిన దగ్గు

నాలుగో జాక్ కూడా నేలకు ఆనింది. దైవాశీర్వాదం మోకాళ్ళ మీద కూర్చుని రసమట్టం చూశాడు. బుడగ వెంట్రుకవాసి కుడికి ఉంది. జాక్‌ని ఇంకో అరచుట్టు తిప్పాడు. వ్యాను ఒరిగి ఉంటే లోపల ఎక్స్‌రే మిషను మొరాయిస్తుంది. రెండేళ్ళుగా వారానికి నాలుగు రోజులు ఇదే పని. ఇవాళ మాత్రం ఆ అరచుట్టుకే ఆయాసం వచ్చింది. వెనకే దగ్గు వచ్చింది.

దగ్గును నోట్లోనే పట్టుకోవడం ఆయన నేర్చుకున్నాడు. పెదవులు బిగించి, గడ్డం మెడకు ఆనించి, పొట్ట లోపలికి లాగితే అది బయటికి రాకుండా లోపలే రెండు మూడుసార్లు కొట్టుకుని పడిపోతుంది. కళ్ళలో నీళ్ళు మాత్రం ఆగవు. చెమట తుడుచుకుంటున్నట్టు వాటిని తుడుచుకుంటాడు. ఆగస్టు నెల, టెక్సస్. ఏడున్నరకే తారు మెత్తబడుతోంది. చెమట అంటే ఎవరైనా నమ్ముతారు.

ఆయన ఇల్లున్న ప్లేనో నుంచి తూర్పుకి రెండున్నర గంటలు డ్రైవ్ చేస్తే ఈ ఊరు వస్తుంది. ఒక చివర కోళ్ళ ఫ్యాక్టరీ, ఇంకో చివర గ్యాస్ స్టేషను, మధ్యలో మూడేళ్ళ కిందట మూతపడిన ఆసుపత్రి. ఆసుపత్రి గోడ మీది అక్షరాలను ఎవరో పీకేశారు. అవి ఉన్నచోట గోడ తెల్లగా మిగిలింది. గాలి ఏ వైపు నుంచి వీచినా తడి ఈకల వాసనే.

వ్యాను ఒక ఉచిత క్లినిక్‌ది. డాక్టరు దగ్గరికి రాలేని మనుషుల దగ్గరికి తానే పోయి, ఛాతీ ఎక్స్‌రే తీసి, క్షయ ఉన్నవాళ్ళను పట్టుకోవడం దాని పని. ఈ దేశంలో క్షయ అంటే తాతల కాలంనాటి జబ్బు అనుకుంటారు. ఫ్యాక్టరీలో చల్లటి గదిలో భుజానికి భుజం ఆనించి నిలబడి కోళ్ళు కోసేవాళ్ళకు, ఒక్క ట్రైలర్‌లో తొమ్మిదిమంది పడుకునేవాళ్ళకు అది తాతల కాలం కాదు. పోయినేడాది ఈ ఒక్క ఊళ్ళోనే ముగ్గురు దొరికారు. దొరకని వాళ్ళెందరో లెక్కపెట్టే నాథుడు లేడు.

దైవాశీర్వాదానికి అరవై మూడేళ్ళు. పొట్టి మనిషి. జనవరిలో డెబ్బై కిలోలు ఉండేవాడు. ఇప్పుడెంతో తెలియదు, బాత్రూమ్‌లో బరువు చూసే మిషన్ని తనే కాలితో అల్మారా కిందికి తోసేశాడు. బెల్టుకు మేకుతో మూడు కొత్త కన్నాలు పొడిచాడు. మిగిలిన తోలు నడుం చుట్టూ తిరిగి వెనకెక్కడో వేలాడుతోంది. మెడ మీద రెండు నరాలు తాళ్ళలా లేచాయి. రాత్రుళ్ళు చెమటకు దుప్పటి తడిసిపోతుంది. తెల్లారేలోపు తనే వాషర్‌లో వేసేస్తాడు. "ఇంత క్లీన్ ఎప్పటినుంచి డాడీ?" అని కూతురు జోసఫిన్ నవ్వింది. ఆయనా నవ్వాడు.

పుట్టి బుద్ధెరిగాక ఆయన చేసిన పని ఒక్కటే, బండి నడపడం. బాపట్ల దగ్గర మిషన్ ఆసుపత్రి జీపు ఇరవై ఆరేళ్ళు నడిపాడు. వెనక సీట్లో డాక్టర్లు ఎక్కారు, దొరలు ఎక్కారు, రక్తం కక్కుకుంటున్న కూలివాళ్ళు ఎక్కారు. వెనక ఎవరున్నా డ్రైవరు ముందుకే చూడాలి. చూశాడు. భార్య పోయాక జోసఫిన్ ఇక్కడికి పిలిపించుకుంది. ఇక్కడా బండే దొరికింది. ఆదివారం మధ్యాహ్నం తెలుగు చర్చికి ముసలివాళ్ళను తీసుకెళ్ళే బండి కూడా ఆయనదే. ఆరాధన ముందు కుర్చీలు వేస్తాడు, అయ్యాక మడుస్తాడు. నడిమి రెండు గంటలూ చివరి వరసలో కూర్చుంటాడు. ఎవరూ ఆయన్ని పలకరించక కాదు. "అంకుల్, పార్కింగ్ ఎక్కడ?" అని అందరూ అడుగుతారు.

అట్లాంటి మనిషి మార్చి మొదటి ఆదివారం మైకు పట్టుకుని పదకొండు నిమిషాలు మాట్లాడాడు.

అదే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

జనవరిలో దగ్గు, జ్వరం మొదలయ్యాయి. వీధి చివర ఉండే డాక్టర్ గౌరీశంకర్ గారితో రోజూ సాయంత్రం నడిచే అలవాటు. యాభై ఏళ్ళ కిందట ఈ దేశానికి వచ్చిన పెద్దమనిషి, రిటైరైన గుండె డాక్టరు. దగ్గు విన్నాడు. ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న మాత్రల అట్ట తెచ్చి చేతిలో పెట్టాడు. "లీవోఫ్లాక్సాసిన్ అయ్యా, మంచి యాంటీబయాటిక్. రోజుకొకటి, పది రోజులు. ఆఫీస్ విజిట్ దండగ." ఎక్స్‌రే లేదు, కఫం పరీక్ష లేదు. స్నేహంతో ఇచ్చాడు, నిజమే. స్నేహంతోనే ఇస్తారు అందరూ. పది రోజుల ఆ ఒక్క మాత్ర క్షయ పురుగును పూర్తిగా చంపదు, కొన్నాళ్ళు తొక్కిపెడుతుంది. మనిషి బాగైనట్టే కనబడతాడు. లోపల పుండు లోపలే ఉంటుంది.

సరిగ్గా ఆ పది రోజుల్లోనే చర్చిలో ఆయన కోసం మూడు రోజుల ఉపవాస ప్రార్థన చేశారు. జ్వరం పోయింది. దగ్గు సన్నగిల్లింది. "సాక్ష్యం చెప్పండి బ్రదర్" అన్నారు పాస్టర్ గారు. మన దగ్గర అది మామూలే. మేలు పొందినవాడు లేచి నిలబడి నలుగురిలో చెప్పాలి. చెప్పాడు. ఎలా దగ్గాడో, ఎలా చెమటలు పట్టాయో, మూడో రోజు ప్రార్థనలో ఛాతీ ఎలా తేలికైందో చెప్పాడు. ఆడవాళ్ళు ఏడ్చారు. మాత్రల సంగతి చెప్పలేదు. అబద్ధం ఆడాలని కాదు, ఆ ఊపులో నోటికి రాలేదు, అంతే. ఎవరో వీడియో తీసి పెట్టారు. పద్నాలుగు వేలమంది చూశారు. బాపట్ల నుంచి, ఒంగోలు నుంచి, కువైట్ నుంచి ఫోన్లు. "దైవాశీర్వాదం గారేనా అండీ?" అని. ఇరవై ఆరేళ్ళు ఆయన్ని "డ్రైవరూ" అన్న కాంపౌండరు కూడా "గారు" అన్నాడు.

ఏప్రిల్‌లో దగ్గు తిరిగొచ్చింది. ఈసారి ఎర్రటి చారతో వచ్చింది.

"దైవమన్నా, గిటు రా. సంతకం పెట్టు."

వ్యాను తలుపులో నిలబడి నళిని పిలిచింది. ఎక్స్‌రే తీసేది ఆమే. వరంగల్ దగ్గరి మనిషి, యాభై దాటింది, గొంతు పెద్దది. మూడు నెలలుగా బండిలో రాను పోను ఐదు గంటలూ ముక్కు మీద మందపాటి మాస్క్ తియ్యదు. అలర్జీ అంటుంది. ఆయన చేతికి ఒక కాగితం ఇచ్చింది.

ఏడాదికోసారి సిబ్బంది నింపే కాగితం. ఉద్యోగంలో చేరేటప్పుడు చర్మం కింద సూది వేసి చూస్తే ఆయన చెయ్యి రూపాయి బిళ్ళంత వాచింది. "మాకందరికీ అంతేనమ్మా, చిన్నప్పుడు బీసీజీ టీకా వేశారు కదా" అన్నాడు. మన వాళ్ళంతా చెప్పే మాటే. అప్పుడొక ఎక్స్‌రే తీశారు, శుభ్రంగా ఉంది. ఇక అప్పటినుంచి ఏటా ఈ కాగితమే. మూడు వారాలు దాటిన దగ్గు ఉందా? బరువు తగ్గారా? రాత్రి చెమటలు? రక్తం? ప్రతి ప్రశ్న పక్కనా రెండు గళ్ళు.

లేదు, లేదు, లేదు, లేదు. పెన్ను ఎక్కడా ఆగలేదు.

నళిని కాగితం తీసుకుని బెల్టు వైపు చూసింది. "ఆ బెల్ట్ ఇంకో రెండు చుట్లు తిరిగితె దాంతోనే బండి కట్టి గుంజొచ్చన్నా."

"షుగరమ్మా. షుగరొస్తే అంతే, చిక్కిపోతాం."

"షుగర్ టెస్ట్ చేయించినవా?"

"చేయించుకుంటాలే."

"ఎన్నిసార్లు చెప్పాలె నీకు? మిషన్ ఈడ్నే ఉన్నది. ఎక్కి నిలబడితె అయిపాయె."

"జనం చూడమ్మా ముందు."

జనం లేరు. అదొకటి ఈ ఏడాది. పోయినేడాది షిఫ్టు దిగగానే అరవైమంది వరసలో నిలబడేవాళ్ళు. ఇప్పుడు తెల్ల వ్యాను కనబడితే చాలు, కాగితాలు లేనివాళ్ళను పట్టుకుపోయే ఇమ్మిగ్రేషన్ వాళ్ళు వచ్చారని మూలమలుపులోనే వెనక్కి తిరుగుతున్నారు. పిల్లల్ని ఎత్తుకున్న ఒకామె రోడ్డు అవతల నిలబడి ఐదు నిమిషాలు చూసింది, దగ్గింది, వెళ్ళిపోయింది. దైవాశీర్వాదం చెయ్యి ఊపాడు. ఆమె నడక వేగం పెరిగింది. పది గంటలకు ఆరుగురు. అంతే.

ఆయన మడత కుర్చీలో కూర్చుని ఫోను తీశాడు. పొద్దున ఇంట్లో బయలుదేరేటప్పుడు మనవరాలు డెబ్బీ వాంతి చేసుకుంది. రెండేళ్ళ పిల్ల. పన్నెండు రోజులుగా ఒళ్ళు వెచ్చగా ఉంటోంది. ఆడదు, తినదు, వెలుతురు చూస్తే చిరాకు. డేకేర్ జలుబు అని జోసఫిన్, వైరల్ అని ఫోన్లో నర్సు. ఎవరి దగ్గరా ఊరుకోదు, తాత ఛాతీ మీదే బోర్లా పడుకుని నిద్రపోతుంది. చెంప ఆయన గొంతు కింద ఆనించి, ఆయన ఊపిరి తన మొహం మీద పడేలా. అలా పడుకోవడం పుట్టిన మూడో నెల నుంచీ అలవాటు. రాత్రి కూడా అలాగే పడుకుంది.

ఆయనకు అనుమానం రాలేదా? వచ్చింది. వారం కిందటే వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఆ వీడియో, ఆ పద్నాలుగు వేలమంది, ఏడ్చిన ఆడవాళ్ళు అడ్డం నిలబడేవాళ్ళు. డాక్టరు దగ్గరికి వెళితే దేవుడి ముందు అబద్ధమాడినవాడవుతాడు. జోసఫిన్ ఆ చర్చిలో తలెత్తుకోలేదు. ఇవాళ కాదులే, ఈ ఆదివారం పోనీ. వారం అట్లాగే పోయింది.

"గ్యాస్ స్టేషన్‌దాకా వెళ్ళొస్తానమ్మా" అన్నాడు. "అంజయ్యని ఇవాళైనా ఎక్కించాలి."

అంజయ్యది కామారెడ్డి వైపు. నలభై నాలుగేళ్ళు. దుబాయిలో ఎనిమిదేళ్ళు క్యాంపులో ఉండి, ఎట్లాగో ఇక్కడికి చేరి, గ్యాస్ స్టేషన్‌లో కోడి రెక్కలు వేయిస్తున్నాడు. ఊరంతా అతని చేతి ముక్కే తింటుంది. రెండు నెలలుగా భుజంలోకి మొహం తిప్పుకుని దగ్గుతున్నాడు. దైవాశీర్వాదాన్ని పేరు చూసి పాస్టర్ సాబ్ అంటాడు, వచ్చిన ప్రతిసారీ అల్లం చాయ్ పోస్తాడు గానీ వ్యాను ఎక్కడు.

"రా పాస్టర్ సాబ్! చాయ్ మరుగుతున్నది."

"చాయ్ తర్వాత. పది నిమిషాల పని. కాగితాలడగరు, లైసెన్సడగరు. నడు."

"ఊరంత ఆ బండిని చూసి దాక్కుంటున్నరు. నువ్వేమో నడుచుకుంట పోయి ఎక్కుమంటవు. కోడి దానంతటది ఫ్యాక్టరీకి పోతదా?"

"బండి నడిపేది నేనేగా. నిన్నెక్కడికి తీసుకుపోతానయ్యా?"

"నాకు ఆ బీమారి రాదన్నా. చిన్నగున్నప్పుడే బీసీజీ ఇచ్చిన్రు. ఇగో." అంజయ్య చొక్కా చెయ్యి పైకి లాగి ఎడమ జబ్బ మీది గుండ్రటి మచ్చ చూపించాడు.

"ఆ మచ్చ నాకూ ఉంది. అది పసిపిల్లల్ని కాపాడుతుంది. నలభై నాలుగేళ్ళోణ్ణి కాపాడదు."

నళిని వందసార్లు చెప్పగా వచ్చిన మాట అది. వందసార్లు ఆయనే జనానికి అప్పజెప్పాడు. ఇవాళ మాత్రం ఆ మాట నోట్లోంచి వచ్చి ఎదురు నిలబడింది. పసిపిల్లల్ని కాపాడుతుంది. డెబ్బీ ప్లేనోలో పుట్టింది. ఇక్కడ ఆ టీకా వేయరు. రోజూ స్నానం చేయించేది ఆయనే. ఆ చిన్న జబ్బలు రెండూ నున్నగా ఉంటాయి. ఏ మచ్చా లేదు.

"ఏమైందన్నా? మొఖం గట్లయింది?"

దగ్గు వచ్చింది. ఈసారి పట్టుకోలేకపోయాడు. కౌంటరు అంచు పట్టుకుని వంగిపోయాడు. జేబురుమాలు నోటికి అదిమి, చూడకుండానే మడిచి ప్యాంటు జేబులోకి తోశాడు.

అంజయ్య పొయ్యి ఆపాడు. నవ్వు లేదు.

"పోయినసారి గూడ గిట్లనే దగ్గినవ్. నేను విననట్టు ఊకున్న. నాకంటె నీదే పెద్ద దగ్గు. నాకు చెప్తున్నవు గని, నువ్వు తీయించుకున్నవా?"

"నేను... మాకు కాగితం ఉంటుందయ్యా."

"కాగితం నాకెందుకు? నువ్వు ఆ మిషన్ల నిలబడు. నేను నా కండ్లతోని చూస్త. అప్పుడు నేనెక్కుత. లేకపోతె చాయ్ తాగి పో."

ఇద్దరూ ఎండలో నడిచి వచ్చారు. నాలుగు వందల గజాలు. దైవాశీర్వాదం రెండుచోట్ల ఆగాడు. ఆగినప్పుడల్లా అంజయ్య కూడా ఆగాడు.

వ్యాను లోపల ఏసీ చల్లగా ఉంది. దైవాశీర్వాదం చొక్కా విప్పాడు. టెక్సస్‌లో కొన్న గళ్ళ చొక్కా, గుండీలకు బదులు లోహపు ప్రెస్ బటన్లు. అవి బొమ్మలో మచ్చల్లా పడతాయి కాబట్టి విప్పాల్సిందే. చొక్కాని గోడ మేకుకు తగిలించి కాగితపు గౌను తొడుక్కున్నాడు. పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. నళిని చూసి మొహం తిప్పుకుంది.

ఆమె గౌను తాళ్ళు ముడేస్తుంటే ఆయన గొంతు తగ్గించి అన్నాడు, "బటన్ నొక్కకమ్మా. ఊరికే నొక్కినట్టు చెయ్యి. అతని భయం పోతే చాలు."

నళిని ముడి బిగించింది. అద్దం వెనక్కి వెళ్ళింది.

ఛాతీ పలకకు ఆనించాడు. చల్లగా తగిలింది. గడ్డం పైకి, చేతులు నడుం మీద, మోచేతులు ముందుకి. తలుపు దగ్గర అంజయ్య చేతులు కట్టుకుని చూస్తున్నాడు. "పెద్దగా ఊపిరి తీసుకో. ఆపు" అంది నళిని. ఆయన గుండెలనిండా పీల్చి బిగబట్టాడు. లోపల ఏదో గరగరలాడింది. అయినా వదల్లేదు. ఊరికే నటించేవాడికి ఊపిరి బిగబట్టాల్సిన పని లేదు.

బీప్ వచ్చింది. రెండేళ్ళలో ఆ చప్పుడు కొన్ని వేలసార్లు విన్నాడు. ఉత్తుత్తి నొక్కుడుకు ఆ చప్పుడు రాదు.

"ఇగ నువ్వు రా" అంది నళిని అంజయ్యతో. తెరను తన వైపుకి తిప్పుకుంది.

అంజయ్యది ఐదు నిమిషాల్లో అయిపోయింది. కంప్యూటర్ బొమ్మ మీద ఆకుపచ్చ గీత వేసింది. శుభ్రం. "నూనె పొగ తమ్మీ. ఆ పొయ్యి మీద ఫ్యాన్ పెట్టించుకో. డాక్టర్ కూడ చూసి ఫోన్ చేస్తడు." అంజయ్య పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. "చూస్తివా పాస్టర్ సాబ్, ఊకెనే పరేషాన్ చేస్తివి" అని, ఆయన మొహం చూసి నవ్వు ఆపాడు. "చాయ్ పంపిస్తనే" అని మెట్లు దిగాడు.

నళిని తలుపు వేసింది.

"నేను చెప్పకూడదన్నా. డాక్టర్ చెప్పాలె. గని నువ్వు రెండేండ్ల సంది ఈ తెర చూస్తున్నవు." తెరను ఆయన వైపు తిప్పింది.

కుడి ఊపిరితిత్తి పైభాగంలో నిమ్మకాయంత ఖాళీ. చుట్టూ తెల్లటి గోడ. ఎడమవైపంతా దూది చల్లినట్టుంది. మూలన ఎర్ర గడిలో కంప్యూటర్ లెక్క, క్షయ అనుమానం నూటికి తొంభై ఏడు. బండిలో పెట్రోలు ముల్లు చూసినట్టు చూశాడాయన.

"ఎన్నాళ్ళ సంది?"

"జనవరి."

నళిని వేళ్ళు మడిచింది. ఎనిమిది. కుర్చీలో కూలబడింది. "నాకు తెలుసన్నా. తెలిసే మాస్క్ పెట్టుకున్న. కంప్లయింట్ చేస్తె నీ నౌకరి పోతదని, గట్టిగ అడిగితె బాధపడతవని... థూ, నా మర్యాద పాడుగాను."

ఆమె చెప్పేది ఆయన వినడం లేదు. "డెబ్బీకి పన్నెండు రోజులుగా జ్వరమమ్మా. ఇవాళ వాంతి చేసుకుంది. ఎప్పుడూ నా ఛాతీ మీదే పడుకుంటుంది."

నళిని లేచి నిలబడింది. "ఫోన్ చెయ్. ఇప్పుడే చెయ్. జ్వరం, వాంతులు అంటె... ఆ ఏజ్‌ల అది మెదడుకు ఎక్కుతది. గంట కూడ ఆగొద్దు."

కాగితపు గౌనుతోనే ఆయన వెనక తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. వ్యాను నీడలో ఇనప మెట్టు మీద కూర్చున్నాడు. రెండు రింగులకు జోసఫిన్ ఎత్తింది.

"డాడీ, మీటింగ్‌లో ఉన్నాను."

"జోసీ, పాపని ఇప్పుడే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళు."

"శనివారానికి అపాయింట్‌మెంట్ బుక్ చేశాను కదా డాడీ."

"శనివారం కాదు. మా నాన్నకి టీబీ ఉంది, పాప ఆయన మీదే పడుకుంటుంది అని చెప్పు. ఆ మాట నోరు తెరిచి చెప్పు. చెప్పకపోతే సిరప్ ఇచ్చి పంపేస్తారు."

అవతల తలుపు మూసిన చప్పుడు. తర్వాత, "మీకా? మీరు హీల్ అయ్యారు కదా డాడీ. సాక్ష్యం కూడా..."

"అవలేదమ్మా. గౌరీశంకర్ గారి మాత్రలు మింగాను. ఆ సంగతి చెప్పలేదు."

"డాడీ!"

"తిట్టు, తర్వాత తిట్టు. కారెక్కు ముందు. పాస్టర్ గారికి కూడా చెప్పు. నా పేరు పెట్టే చెప్పమను. నా బండెక్కిన ముసలాళ్ళు, నా వరసలో కూర్చున్నవాళ్ళు, అందరూ చూపించుకోవాలి. ఆ వీడియో తీసేయమను." ఊపిరి అందక ఆగాడు. "బయల్దేరావా?"

"బయల్దేరుతున్నా." ఏడుపు, తాళంచెవుల చప్పుడు, పరుగు.

ఒక్క నిమిషం పట్టలేదు ఈ సాక్ష్యానికి. వినడానికి కూతురు తప్ప ఎవరూ లేరు.

నళిని కఫం పట్టే డబ్బీ తెస్తానని లోపలికి వెళ్ళింది. దైవాశీర్వాదం ఫోను మెట్టు మీద పెట్టి, చాలా నెలల తర్వాత, దగ్గును పట్టుకోకుండా వదిలేశాడు. లోపల నిమ్మకాయంత ఖాళీ గోడలో ఒక నరం ఎన్నాళ్ళుగానో పలచబడుతూ ఉంది. అది ఇవాళ తెగాల్సి ఉంది, తెగింది. మీటింగ్‌లో ఉన్నాను అని జోసఫిన్ పెట్టేసి ఉన్నా, అంజయ్య మొండికేయకున్నా తెగేదే. నళిని డబ్బీతో వచ్చేసరికి ఆయన గోడకు ఆనుకుని కూర్చునే ఉన్నాడు, కాగితపు గౌను ముందంతా ఎర్రగా. భయపడినట్టు లేడు.  ఆమె పక్కకు పడుకోబెట్టి, ఊరి మధ్యలోని ఆ ఖాళీ ఆసుపత్రి వైపు చూసి బూతులు తిట్టింది.

అంబులెన్స్ పక్క జిల్లా నుంచి రావాలి. నలభై ఏడు నిమిషాలకు వచ్చింది. హైవే ఎక్కి ఇరవై మైళ్ళు పోయాక లోపలివాళ్ళు సైరన్ ఆపేశారు.

అదే సమయానికి ప్లేనోలో డెబ్బీ వెన్నులో సూది గుచ్చి నీళ్ళు తీశారు. పురుగు మెదడు పొరల్లోకి ఎక్కడం మొదలైంది, మందులు అదే సాయంత్రం పడ్డాయి. శనివారందాకా ఆగి ఉంటే చేసేదేమీ ఉండేది కాదని డాక్టరు చెప్పాడు. ఇప్పుడైనా కళ్ళకు, చెవులకు ఏమవుతుందో నెలలు గడిస్తే గానీ తెలియదని కూడా చెప్పాడు. ఆ ఆదివారం తెలుగు చర్చిలో పాస్టర్ గారు పేరు పెట్టి చెప్పారు. సగంమంది లేచి వెళ్ళిపోయారు. మిగిలిన సగంమంది పరీక్షకు వెళ్ళారు. నలుగురు దొరికారు.

నళినికి అంత పెద్ద బండి నడిపే లైసెన్సు లేదు. ఆయన పోయిన సాయంత్రం అంజయ్య ఆమెను తన కారులో ప్లేనో దాకా దింపాడు. వ్యాను అక్కడే, నాలుగు జాకుల మీద, ఇంకో డ్రైవరు వచ్చేదాకా మూడు రోజులు ఉండిపోయింది. లోపల చీకట్లో, గోడ మేకుకు గళ్ళ చొక్కా వేలాడుతూ ఉంది. మోచేతుల దాకా మడిచిన చేతులు మడిచినట్టే ఉన్నాయి, భుజాల దగ్గర జనవరినాటి మనిషికి సరిపోయేంత వెడల్పుంది.